చిన్న బోటుతో వేటకు వెళ్లేముందు ఏ వాతావరణ సూచనను, ఎలా చూసుకోవాలి?

మీరు అడిగినదాని సారాంశం ఇది. మచిలీపట్నం దగ్గరి గిలకలదిండి రేవు నుంచి ఫైబర్ బోటుతో తెల్లవారుజామున బయలుదేరి, పాతిక ముప్పై కిలోమీటర్లు లోపలికి వెళ్లి, సాయంత్రానికో మర్నాటికో తిరిగి వస్తున్నారు. ఫోనులో ఉన్న మూడు యాప్‌లు మూడు రకాలుగా చెబుతున్నందున వాటిలో ఏది నమ్మదగినదో, డబ్బు కట్టి తీసుకునే యాప్ ఏదైనా మేలో తెలుసుకోవాలనుకుంటున్నారు. సూటిగా చెప్పాలంటే ఏ ఒక్కటీ చాలదండీ. వెళ్లకూడని రోజు ఏదో భారత వాతావరణ శాఖ చెబుతుంది. అలల సంగతి హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ చెబుతుంది. గాలి ఏ గంటకు ఎటు మారుతుందో మీ ఫోనులోని యాప్‌లు కొంతవరకు చెప్పగలవు. రాబోయే రెండు గంటల్లో ఉరుముల మేఘం మీద పడుతుందో లేదో రాడార్ చిత్రం చూపిస్తుంది. మీ బోటు ఎంత గాలిని, ఎంత అలను తట్టుకుంటుందో మాత్రం వీటిలో ఏదీ చెప్పదు కనుక ఆ హద్దును ఒడ్డున ఉన్నప్పుడే, ఐసు, డీజిలు కొనకముందే మీరు నిర్ణయించుకొని ఉండాలి. సూచన నమ్మకంగా ఉండడం అనేది సగానికి పైగా ఈ హద్దు మీదనే ఆధారపడి ఉంటుందని నా అభిప్రాయం.

మొదట, మీ యాప్‌లు నిజంగా విభేదిస్తున్నాయో లేదో చూడండి. ఒకటి గాలివేగాన్ని నాట్స్‌లో, మరొకటి గంటకు కిలోమీటర్లలో, ఇంకొకటి సెకనుకు మీటర్లలో చూపిస్తుంటే, ఒకే గాలి 14గానూ, 26గానూ, 7గానూ కనిపిస్తుంది. ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు, సెకనుకు మీటర్లలో ఉన్న సంఖ్యను 3.6తో గుణిస్తే గంటకు కిలోమీటర్లు వస్తాయి. అన్నిటినీ ఒకే కొలతలోకి మార్చుకొని పెట్టుకోండి. అలాగే ఒక యాప్ సగటు గాలిని, మరొకటి ఉండుండి విసిరికొట్టే గాలిని పెద్ద అక్షరాలలో చూపించవచ్చు. ఈ రెండింటికీ మధ్య మూడోవంతు నుంచి సగం వరకు తేడా ఉండడం మామూలే. వాతావరణ శాఖ ప్రకటనలో ‘గంటకు 45 నుంచి 55 కిలోమీటర్లు, అప్పుడప్పుడు 65 కిలోమీటర్లు’ అని రాసే పద్ధతి ఈ తేడాను చూపించడానికే.

దీనికి వ్యతిరేకమైన పొరపాటు కూడా ఉంది. మూడు యాప్‌లు ఒకే మాట చెప్పాయి కనుక అది ఖాయమని అనుకోవడం సరికాదు. బజారులో ఉన్న యాప్‌లలో చాలా భాగం సొంతంగా ఏమీ లెక్కగట్టవు. అమెరికా ప్రభుత్వ సంస్థ నడిపే జీఎఫ్ఎస్ అనే మోడల్ (కంప్యూటరుతో రాబోయే వాతావరణాన్ని లెక్కగట్టే పద్ధతి) ఫలితాలు ఉచితంగా దొరుకుతాయి కనుక వాటినే తీసుకొని రంగులు మార్చి చూపిస్తాయి. అప్పుడు ముగ్గురు సాక్షులు చెప్పినట్టు కనిపించేది నిజానికి ఒకే సాక్షి మూడుసార్లు చెప్పిన మాట. అందుచేత యాప్ పేరు కాదు, అందులో నడుస్తున్న మోడల్ పేరు చూడాలి. విండీ వంటి యాప్‌లలో అడుగున మోడల్‌ను మార్చుకునే వీలుంది. అక్కడ యూరప్ దేశాల కేంద్రం నడిపే ఈసీఎండబ్ల్యూఎఫ్ మోడల్‌ను, జీఎఫ్ఎస్‌ను ఒకదాని తరువాత ఒకటి, ఒకే స్థలానికి, ఒకే గంటకు పెట్టి చూడండి. రెండూ దగ్గరగా ఉంటే ఆ రోజు సూచన గట్టిదని అనుకోవచ్చు. రెండూ దూరంగా ఉంటే ఏది నిజమో తేల్చే ప్రయత్నం వద్దు. ఎక్కువ గాలి చూపించిన దానినే లెక్కలోకి తీసుకోండి.

ఈ మోడల్‌లు ఎప్పుడు కొత్తగా లెక్కిస్తాయో తెలుసుకోవడం కూడా మీకు పనికివస్తుంది. జీఎఫ్ఎస్ రోజుకు నాలుగుసార్లు, మన కాలమానం ప్రకారం ఉదయం 5.30, 11.30, సాయంత్రం 5.30, రాత్రి 11.30 గంటల పరిస్థితిని ఆధారం చేసుకొని నడుస్తుంది. ఫలితాలు మన చేతికి రావడానికి మరికొన్ని గంటలు పడుతుంది. మీరు తెల్లవారుజామున మూడింటికి బయలుదేరేవారైతే, సాయంత్రం ఏడింటికి చూసిన చిత్రం మధ్యాహ్నపు సమాచారమే అవుతుంది. అర్ధరాత్రి దాటాక ఒకసారి చూస్తే సాయంత్రం లెక్క అందుబాటులో ఉంటుంది. నిన్నటి లెక్క, ఇవాళటి లెక్క రేపటి రోజు గురించి ఒకే మాట చెబుతున్నాయా, లేక పూటపూటకూ మారుతున్నాయా అన్నది ఆ సంఖ్య కంటే ముఖ్యమైన సమాచారం. ఒకటి రెండు రోజుల దూరంలో గాలి సూచన బాగానే పనిచేస్తుంది. మూడు, నాలుగు రోజులకు దిశను, ధోరణిని నమ్మవచ్చు. అయిదు రోజులు దాటిన తరువాత గంటగంటకూ చూపించే సంఖ్యలను నేను చూడడం కూడా దండగే అనుకుంటాను.

మరొక చిన్న విషయం, కానీ చాలామంది పట్టించుకోనిది: సూచన కోసం మీ ఊరి పేరు కొట్టకండి. ఈ మోడల్‌లు భూగోళాన్ని గళ్లుగా విభజించి లెక్కిస్తాయి. ఒక్కో గడి తొమ్మిది నుంచి పాతిక కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. తీరం మీద పడిన గడిలో సగం నేల, సగం నీరు ఉంటాయి కనుక చెట్లూ ఇళ్లూ ఆపిన గాలి లెక్కలోకి వచ్చి వేగం తక్కువగా కనిపిస్తుంది. మీరు వల వేసే చోటును పటం మీద వేలితో నొక్కి, అక్కడి గాలిని చూడండి. మచిలీపట్నం పేరుతో వచ్చే సంఖ్యకూ, ముప్పై కిలోమీటర్లు తూర్పున వచ్చే సంఖ్యకూ ఉన్న తేడా మీకే కనిపిస్తుంది. ఫోనుతో పాటు వచ్చే వాతావరణ యాప్ మాత్రం ఊళ్లో వాన పడుతుందో లేదో చెప్పడానికి తయారైనది. దానిని వేటకు వాడకండి.

ఇక వాతావరణ శాఖ హెచ్చరికల సంగతి. విశాఖపట్నంలోని తుపాను హెచ్చరికల కేంద్రం, అమరావతిలోని వాతావరణ కేంద్రం ఇచ్చే ప్రకటనలతో పాటు, మత్స్యకారుల కోసం రాబోయే అయిదు రోజులకు విడిగా హెచ్చరికలు, రంగుల పటాలు కూడా వెలువడతాయి. వీటిని చదివేటప్పుడు మూడు విషయాలు చూడాలి: ఏ సముద్ర భాగానికి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎంత గాలి. మీ ఎదుట ఉన్న నీరు పశ్చిమ మధ్య బంగాళాఖాతం కిందికి వస్తుంది. శ్రీకాకుళం చివరకు వెళ్తే వాయవ్య భాగం, నెల్లూరు దిగువకు వెళ్తే నైరుతి భాగం మొదలవుతాయి. ‘ఆగ్నేయ బంగాళాఖాతంలో ఈదురుగాలులు’ అని టీవీ కింద నడిచే అక్షరాలు చూసి వేట మానుకున్నవారూ ఉన్నారు, పశ్చిమ మధ్య అన్న పేరు తమదేనని తెలియక బయలుదేరినవారూ ఉన్నారు.

ఈ హెచ్చరికను అర్థం చేసుకోవడంలో అసలు చిక్కు వేరే ఉంది. సాధారణంగా గాలి గంటకు 45 కిలోమీటర్లకు, అంటే సుమారు 24 నాట్స్‌కు చేరే సూచన ఉన్నప్పుడు మత్స్యకారులకు హెచ్చరిక వస్తుంది. ఆ హద్దు అన్ని రకాల పడవలకూ ఒకటే. పద్నాలుగు పదిహేను మీటర్ల మరబోటు ఓర్చుకునే గాలిలో మీ ఫైబర్ బోటు ఉండకూడదు. గంటకు 29 నుంచి 38 కిలోమీటర్ల గాలి ఎక్కువసేపు వీస్తే విశాలమైన సముద్రంలో అలలు రెండు మీటర్ల దాకా లేస్తాయి, నీటి మీద ఎటు చూసినా తెల్లటి నురుగే కనిపిస్తుంది. అయినా ఆ రోజుకు హెచ్చరిక ఏదీ ఉండకపోవచ్చు. అందువల్ల హెచ్చరిక లేకపోవడాన్ని అనుమతిగా తీసుకోకూడదు. మీ పరిమాణం బోటుకు నేను చెప్పే హద్దు ఇది: సగటు గాలి గంటకు పాతిక కిలోమీటర్లు, అలల ఎత్తు ఒకటిన్నర మీటరు. ఈ రెండింటిలో ఏది దాటినా ఆ రోజు వేట లేదనుకోండి. మీ ఇంజను పాతదైతే, మీతో వచ్చేవారు కొత్తవారైతే దానిని ఇంకా తగ్గించండి. హెచ్చరిక ఉండి, యాప్‌లో మాత్రం నీరు నీలంగా, ప్రశాంతంగా కనిపిస్తే, యాప్ మాట వినకండి. ఈదురుగాలులు ఒక ప్రాంతంలో అరగంట సేపు లేచి తగ్గేవి కనుక పెద్ద గడుల మోడల్‌లో అవి కనిపించవు. ఆ అవకాశాన్ని బేరీజు వేసి రాసేది హెచ్చరిక తయారుచేసే మనిషి.

హెచ్చరికలు ఇచ్చిన తరువాత ఏమీ జరగని రోజులు ఉంటాయి. 2021 డిసెంబరులో జవాద్ తుపాను ఉత్తరాంధ్ర, ఒడిశా తీరాల వైపు వస్తుందని బోట్లన్నీ కట్టేశారు. అది సముద్రం మీదనే బలహీనపడిపోయింది. 2022 మే నెలలో అసని సంగతి దీనికి తలకిందులు: తీరానికి దూరంగా మలుపు తిరుగుతుందనుకున్నది మచిలీపట్నం, నరసాపురం వైపు వచ్చి బలహీనపడింది. తుపాను దారి సూచనలో రెండు మూడు రోజుల ముందు వందకు పైగా కిలోమీటర్ల తేడా రావడం అసాధారణం కాదు. దారి గీతను మాత్రమే చూసి ‘మన మీదికి రాదులే’ అనుకునేవారు, ఆ గీత చుట్టూ గీసిన శంకువు ఆకారంలోని ప్రాంతాన్ని కూడా చూడాలి. అది ఆ తేడాను చూపించడానికే ఉంది. జవాద్ వంటి రోజున పోయింది రెండు మూడు రోజుల వేట. దానిని హెచ్చరికల లోపంగా లెక్కపెట్టడం సరి కాదు.

అల్పపీడనం, వాయుగుండం అన్న మాటలకు గాలివేగంతో ముడిపడిన అర్థాలు ఉన్నాయి. కేంద్రం చుట్టూ గాలి 17 నాట్స్ కంటే తక్కువ ఉంటే అల్పపీడనం, 17 నుంచి 27 నాట్స్ అయితే వాయుగుండం, 28 నుంచి 33 అయితే తీవ్ర వాయుగుండం, 34 దాటితే తుపాను. తుపాను అని పేరు పెట్టేదాకా ఆగేవారికి ఈ వరుస చెప్పవలసి ఉంటుంది, ఎందుకంటే మీ బోటు హద్దు వాయుగుండం దశకు ముందే దాటిపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వాతావరణ శాఖ ఢిల్లీ కేంద్రం రోజూ ఇచ్చే ఉష్ణమండల వాతావరణ ప్రకటన చూడడం అలవాటు చేసుకోండి. రాబోయే ఏడు రోజులలో బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడే అవకాశం అసలు లేదా, తక్కువా, మధ్యస్థమా, ఎక్కువా అని అందులో రోజులవారీగా ఉంటుంది. ప్రతి గురువారం రెండు వారాల ముందుచూపు కూడా వస్తుంది. ‘మధ్యస్థం’ అన్న మాట కనిపించగానే రెండు రోజుల వేటలు మానుకొని, రోజు వేటలకు పరిమితం కావడం నాకు తెలిసిన మంచి పద్ధతి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తీరంలో వేట నిషేధం ఉంటుంది కనుక వేసవి తుపానులలో చాలావాటి సమయంలో ఇంజను బోట్లు ఎలాగూ ఒడ్డునే ఉంటాయి. మీకు జాగ్రత్త కావలసింది ప్రధానంగా ఆ తరువాతి నెలల్లో.

అలల సూచన దగ్గర కొంచెం నిదానించి చదవండి. వేటకు వెళ్లేవారిలో ఎక్కువమంది గాలిని చూసి ఆగిపోతారు. కష్టపెట్టేది మాత్రం అల. ఇన్‌కాయిస్ వారి సముద్ర స్థితి సూచన వెబ్‌సైటులోనూ, సముద్ర అనే యాప్‌లోనూ దొరుకుతుంది. అందులో అలల ఎత్తు, రెండు అలల మధ్య వ్యవధి, దిశ, దూరం నుంచి వచ్చే స్వెల్ అలల ఎత్తు విడివిడిగా ఉంటాయి. అలల ఎత్తు ఒకటిన్నర మీటరు అని రాస్తే అన్ని అలలూ అంతే ఉంటాయని కాదు. వచ్చే అలలలో పెద్దవైన మూడోవంతు అలలను తీసుకొని, వాటి సగటు ఎత్తును అలా రాస్తారు. రెండు మూడు గంటలు సముద్రంలో ఉంటే దానికి దాదాపు రెట్టింపు ఎత్తు ఉన్న అల ఒకటైనా ఎదురవుతుంది. కాబట్టి ఒకటిన్నర అని చదివినప్పుడు మీ కళ్ల ముందు మూడు మీటర్ల అల కనిపించాలి.

ఎత్తు ఒక్కటే చూస్తే సగం తెలిసినట్టే. ఒకటిన్నర మీటరు అల ఆరు సెకన్లకొకటి వస్తే, లోతు నీటిలో ఒక అలకూ మరో అలకూ మధ్య దూరం యాభై అయిదు మీటర్ల చిల్లర మాత్రమే ఉంటుంది. అదే అల పన్నెండు సెకన్లకొకటి వస్తే ఆ దూరం రెండు వందల ఇరవై మీటర్లు దాటుతుంది. మొదటిది నిటారుగా లేచి బోటు ముందుభాగాన్ని ఎత్తి కొడుతుంది, నీరు లోపలికి చిమ్ముతుంది. రెండోదాని మీద బోటు మెల్లగా లేచి దిగుతుంది, గమనించకపోవచ్చు కూడా. కనుక లోతు నీటిలో వ్యవధి తక్కువగా ఉన్న అలలు చెడ్డవి. నేను చూసుకునే లెక్క ఏమిటంటే, అల ఎత్తు మీటరు దాటి, వ్యవధి ఆరు సెకన్ల లోపు ఉంటే చిన్న బోటుతో వల తీయడం పని కాదు.

కానీ మొగ దగ్గరికి, అంటే కాలువ సముద్రంలో కలిసే చోటికి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది, గిలకలదిండి నుంచి వెళ్లే మీకు దీనితోనే ఎక్కువ పని. వ్యవధి ఎక్కువ ఉన్న అల నీటి అడుగుదాకా బలం కలిగి ఉంటుంది. పన్నెండు సెకన్ల అల వంద మీటర్ల లోతు నుంచే నేలను తాకి మారడం మొదలుపెడుతుంది, ఆరు సెకన్ల అలకు ముప్పై మీటర్లలోపుకు వచ్చాక గానీ నేల తెలియదు. లోతు తగ్గే కొద్దీ పెద్ద వ్యవధి అల నిదానించి, ఎత్తు పెరుగుతుంది. అల ఎత్తు నీటి లోతులో దాదాపు ముప్పావు వంతుకు చేరగానే అది విరిగి పడుతుంది; అంటే ఇసుక మేట వేసి రెండు మీటర్ల లోతు మిగిలిన మొగలో ఒకటిన్నర మీటరు అల నిలబడదు, విరుగుతుంది. బయట హాయిగా ఊగిన అలే లోపలికి వచ్చేటప్పుడు బోటును అడ్డంగా తిప్పేస్తుంది. దీనికి పాటు తోడైతే, అంటే నీరు కాలువలోంచి సముద్రంలోకి లాగుతున్న సమయంలో ఎదురు అలలు వస్తే, అలలు దగ్గరదగ్గరగా చేరి ఇంకా నిటారుగా లేస్తాయి. పౌర్ణమి, అమావాస్య రోజుల్లో ఈ లాగుడు ఎక్కువ. అందువల్ల మొగ దాటే సమయాన్ని పోటు చివరి గంటకు కుదుర్చుకోవడం మంచిది. పోటు, పాటు వేళలు ఏళ్ల ముందుగానే లెక్కగట్టగలిగినవి కనుక మీకు దొరికే సూచనలన్నిటిలోకీ అత్యంత నమ్మదగినది అదే. వాతావరణం చూసేవారు దానినే మరచిపోవడం విచిత్రం.

స్వెల్ అలల గురించి ఇంకొక మాట. ఇవి మన గాలితో పుట్టినవి కావు. దక్షిణ హిందూ మహాసముద్రంలో, భూమధ్యరేఖకు ఎంతో దిగువన లేచిన పెనుగాలుల వల్ల పుట్టి, రోజుకు దాదాపు వెయ్యి కిలోమీటర్లు నడిచి, అయిదు నుంచి ఏడు రోజులకు మన తీరం చేరతాయి. ఆకాశం నిర్మలంగా, గాలి నిశ్చలంగా ఉన్న రోజున కూడా రేవులో నీరు ఎగసిపడడానికి కారణం తరచుగా ఇదే. దూరం నుంచి వస్తాయి కనుక ముందుగానే తెలుస్తాయి. మూడు రోజుల తరువాతి స్వెల్ సూచనను మూడు రోజుల తరువాతి గాలి సూచన కంటే నేను ఎక్కువ నమ్ముతాను. ఇన్‌కాయిస్ ఇచ్చే ‘స్వెల్ సర్జ్’ హెచ్చరిక కనిపిస్తే, గాలి ఎంత తక్కువ ఉన్నా మొగ దాటే ప్రయత్నం చేయకండి.

ఇదే సంస్థ 2020 నుంచి చిన్న బోట్లకు ప్రత్యేకంగా ఒక సూచన ఇస్తున్నది. ఏడు మీటర్ల లోపు వెడల్పు ఉన్న బోట్ల కోసం తయారైన ఆ పద్ధతిలో, అల ఎత్తు, అల ఎంత నిటారుగా ఉంది, అలలు ఎన్ని దిశల నుంచి కలుస్తున్నాయి, సముద్రం ఎంత తొందరగా లేస్తోంది అన్నవాటిని కలిపి ఒక భద్రతా సూచిక లెక్కగట్టి, పది రోజుల ముందు వరకు చూపిస్తారు. మీ బోటు ఈ వర్గంలోకే వస్తుంది. అందరికీ ఒకే హద్దు పెట్టే హెచ్చరికకూ మీ అవసరానికీ మధ్య ఉన్న ఖాళీని ఇప్పటికి కొంతైనా పూడ్చింది ఇదే కనుక, యాప్‌లన్నిటికంటే ముందు దీనిని తెరవమని చెబుతాను. చేపలు దొరికే చోటుల గురించి ఇన్‌కాయిస్ ఇచ్చే సమాచారం మాత్రం దీనితో కలపకండి. అది నీటి ఉపరితల ఉష్ణోగ్రత, నీటిలోని పచ్చదనం ఆధారంగా తయారయ్యేది, అక్కడికి వెళ్లడం క్షేమమా కాదా అన్నది అందులో ఉండదు.

జూన్ తరువాత మీ తీరంలో మోసం చేసేది పడమటి గాలి. నేల మీది నుంచి సముద్రంలోకి వీచే గాలి కనుక, అది ఎంత బలంగా ఉన్నా ఒడ్డున నీరు చదునుగానే ఉంటుంది. అల లేవడానికి గాలికి దూరం కావాలి. పది కిలోమీటర్లు వెళ్లేసరికి అల మొదలవుతుంది, ముప్పై దగ్గర బాగా లేస్తుంది. వెళ్లేటప్పుడు గాలి వెనుక నుంచి తోస్తుంది కనుక హాయిగా, తొందరగా చేరతారు. తిరుగు ప్రయాణం మొత్తం ఎదురుగాలిలో, ఎదురు అలలో, సరుకు బరువుతో. వెళ్లడానికి రెండు గంటలు పట్టిన దూరానికి రావడానికి నాలుగు గంటలు పట్టడం, డీజిలు లెక్క తప్పడం ఇటువంటి రోజునే జరుగుతాయి. ఒడ్డున నిలబడి నీటిని చూసి నిర్ణయించే పాత అలవాటు పడమటి గాలికి పనికిరాదు.

ప్రవాహం సంగతి క్లుప్తంగా: మన తూర్పు తీరం వెంట నీరు ఫిబ్రవరి నుంచి మే వరకు ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు దక్షిణానికి నడుస్తుంది. ప్రవాహానికి ఎదురుగా గాలి వీచిన రోజున అల, సూచనలో రాసినదానికంటే నిటారుగా ఉంటుంది. మార్చి నెలలో ఈశాన్యపు గాలి తిరిగితే ఇలా అవుతుంది.

ఇందాక చెప్పిన తిరుగు ప్రయాణం విషయమే ప్రణాళికలో అసలు కీలకం. చాలామంది బయలుదేరే గంట గాలిని చూసుకుంటారు. మీరు చూడవలసింది తిరిగి మొగ దాటే గంట గాలిని, అలను, పోటును. ఆ తరువాత ఇంకో ఆరు గంటలను. ఇంజను ఆగిపోయినా, వల చిక్కుకున్నా మీరు సముద్రంలో గడిపే అదనపు సమయం అదే. ఉదాహరణకు, సాయంత్రం నాలుగింటికి తిరిగి రావాలని అనుకొని, రాత్రి తొమ్మిదికి గాలి పెరుగుతుందని సూచన ఉంటే, నాలుగుకూ తొమ్మిదికీ మధ్య ఉన్న ఎడం చాలదు. సూచించిన మార్పు మూడు నాలుగు గంటలు ముందుగా రావడం మామూలు విషయం. ఆ రోజు మధ్యాహ్నానికే ఒడ్డు చేరేలా వేట తగ్గించుకోవాలి, లేకపోతే మానుకోవాలి.

ఉరుముల మేఘాలకు ఏ మోడల్ మీదా ఆధారపడకండి. వానకాలంలోనూ, అక్టోబరులోనూ మధ్యాహ్నం నేల మీద లేచిన మేఘాలు సాయంత్రానికి తీరం దాటి నీటి మీదికి వస్తాయి. మేఘం కింద కుప్పకూలిన చల్లటి గాలి నాలుగు వైపులా విరజిమ్మి, వాన పడకముందే బోటును తాకుతుంది. పది నిమిషాలలో గాలి దిశ పూర్తిగా మారిపోతుంది. దీనికి పనికివచ్చేది మచిలీపట్నంలోని వాతావరణ శాఖ రాడార్. చిత్రాలు వారి వెబ్‌సైటులో కొద్ది నిమిషాలకొకసారి మారుతుంటాయి. అయిదారు చిత్రాలు వరుసగా చూస్తే మేఘం ఎటు నడుస్తోందో తెలుస్తుంది. పిడుగుల కోసం దామిని యాప్ ఉంది. ఫోను సిగ్నల్ తీరం నుంచి కొంత దూరం వరకే అందుతుంది కనుక, అది పోయేలోపే చివరిసారిగా రాడార్ చూడడం నియమంగా పెట్టుకోండి.

సిగ్నల్ పోయిన తరువాత మీ దగ్గర మిగిలేది వాయుపీడనం. చాలా ఫోన్లలో ఆ మాపకం ఉంటుంది. లేకపోతే చిన్న బారోమీటరు కొనుక్కోవచ్చు. అయితే మన ప్రాంతంలో పీడనం రోజూ రెండుసార్లు తనంతట తానే పెరిగి తగ్గుతుంది: ఉదయం పది, రాత్రి పది గంటల ప్రాంతంలో ఎక్కువ, తెల్లవారుజామున నాలుగు, సాయంత్రం నాలుగు ప్రాంతంలో తక్కువ. పదింటి నుంచి నాలుగింటికి మూడు మిల్లీబార్లు తగ్గిందని కంగారు పడనక్కరలేదు. నిన్న ఇదే గంటకు ఎంత ఉందో దానితో పోల్చాలి. అదే గంటకు మూడు మిల్లీబార్లకు మించి పడిపోయి ఉంటే, ఆకాశం ఎలా ఉన్నా వల ఎత్తేయండి.

రెండు రోజులు, అంతకు మించి లోపల ఉండేవారికి సూచన కంటే పెద్ద సమస్య, ఒడ్డున మారిన సూచన వారిని చేరడం. 2017 నవంబరు 29న శ్రీలంక సమీపంలో వాయుగుండంగా ఉన్న ఓఖీ మర్నాటికే తుపానుగా మారి కన్యాకుమారి దక్షిణం నుంచి వెళ్లింది. అప్పటికే లోపల ఉన్న కేరళ, తమిళనాడు మత్స్యకారులకు ఆ కబురు అందలేదు. ఎందరో చనిపోయారు, ఎందరో తిరిగి రాలేదు. ఆ తరువాతనే ఉపగ్రహం ద్వారా హెచ్చరికలను బోటులోని ఫోనుకు చేర్చే జెమిని పరికరం 2019లో వచ్చింది, ఇస్రో తయారుచేసిన రెండువైపులా సందేశాలు పంపగల ట్రాన్స్‌పాండర్లు వచ్చాయి. మీ మత్స్యశాఖ కార్యాలయంలో ట్రాన్స్‌పాండర్ కోసం అడగండి. వీహెచ్ఎఫ్ రేడియో సెట్టులో 16వ ఛానెల్ తెరిచి ఉంచండి. తీర రక్షక దళం సహాయ సంఖ్య 1554 బోటులో రాసి పెట్టండి. ఎటు వెళ్తున్నారో, ఏ గంటకు వస్తారో ఒడ్డున ఒకరికి చెప్పి వెళ్లండి. ఆ గంట దాటితే వారు ఎవరికి ఫోను చేయాలో కూడా చెప్పండి.

మీ రేవుకు ఏ మోడల్ ఎంత నమ్మకమో నేను చెప్పేదానికంటే మీరే బాగా తేల్చుకోగలరు. వెళ్లిన ప్రతిసారీ ఒక నోటుపుస్తకంలో, ముందురోజు రాత్రి రెండు మోడల్‌లు చెప్పిన గాలి, ఇన్‌కాయిస్ చెప్పిన అల ఎత్తు, వ్యవధి రాసుకొని, తిరిగి వచ్చాక ఎదురైనదానిని పక్కన రాయండి. ఇన్‌కాయిస్ వెబ్‌సైటులో విశాఖపట్నం, కృష్ణపట్నం దగ్గర తేలే అల కొలిచే బోయాల సంఖ్యలు దొరుకుతాయి. అవి సూచనలు కావు, కొలిచినవి. ఒక కాలం గడిచేసరికి, ఈశాన్య గాలి రోజుల్లో ఫలానా మోడల్ మీ దగ్గర ఎప్పుడూ తక్కువ చూపిస్తుందనో, పడమటి గాలిని ఆలస్యంగా పట్టుకుంటుందనో మీకే తెలుస్తుంది. మీ రేవులోని పెద్ద సరంగులను కూడా అడగండి. మేఘం రంగును బట్టి రేపటి గాలి చెప్పడంలో వారు పొరపడవచ్చు గానీ, ఏ గాలికి ఏ మొగ మూసుకుపోతుందో వారికి తెలిసినంతగా ఏ మోడల్‌కూ తెలియదు. యూట్యూబులో ఎర్ర అక్షరాలతో పది రోజుల ముందే తుపాను తీరం దాటే ఊరి పేరు చెప్పేవారిని మాత్రం వదిలేయండి.

డబ్బు కట్టే యాప్ సంగతి: రుసుము కట్టినందువల్ల మీకు దొరికేది ఎక్కువగా మూడు గంటలకు బదులు గంటగంటకూ చూపించే పట్టిక, ఇంకాస్త తరచుగా వచ్చే కొత్త లెక్కలు. లోపలి మోడల్‌లు చాలావరకు ఉచితంగా దొరికేవే. వీహెచ్ఎఫ్ సెట్టు, ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ మీ బోటులో ఇప్పటికే ఉంటే ఆ యాప్ కొనుక్కోండి. లేకపోతే ఆ డబ్బు ముందు వాటికి పెట్టండి.